సన్నమొన

సోమవారం

ఇవాళ్టి నుంచి రాస్తాను. "అరవకండి, పక్కింటివాళ్ళు వింటారు" అంటోంది మా ఆవిడ. నేను అరవడం లేదు. మామూలుగానే మాట్లాడుతున్నాను. సరే, కాగితం మీద ఎంత అరిచినా పక్కింటికి పోదు. నాకు చదువు అబ్బలేదు. అక్షరాలు పెళ్ళయ్యాక మా ఆవిడ దగ్గర నేర్చుకున్నవే. తప్పులుంటే ఉంటాయి. చదివేదీ నేనే, దిద్దేదీ నేనే.

విషయం ఏమిటంటే రికార్డు ప్లేయరు మందగించింది. పాట దుప్పటి ముసుగేసుకుని పాడుతున్నట్టుంది. నీలం అట్ట రికార్డులో రెండో చరణం ఎత్తుకునే ముందు ఆ పాడేవిడ ఊపిరి తీసుకుంటుంది. చిన్న చప్పుడు. దాని వెనకే చిరుగంటలు. ఇన్నేళ్ళుగా ఆ ఊపిరి కోసమే ఆ రికార్డు వేస్తున్నాను. ఇప్పుడు ఊపిరీ లేదు, గంటలూ లేవు. సూది అరిగింది. అంతకంటే ఏముంటుంది?

బావమరిది వచ్చాడు. వాడిది గడియారాల రిపేరు. కంటికి అద్దం బిగించి సూదిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సూది బాగానే ఉంది బావా. ఇంకా చాలాకాలం వస్తుంది."

"గడియారం ముల్లు వేరు, పాట ముల్లు వేరు. నీకేం తెలుసు?"

"గుండ్రంగా తిరిగేదేదైనా నా శాఖే బావా."

"మీ అక్క బుర్ర కూడా తిరుగుతోంది. ముందు అది బాగుచెయ్యి."

వంటింట్లోంచి మా ఆవిడ ఏదో అంది. వాడు పడీపడీ నవ్వాడు. ఏమందో నాకు అందలేదు. వంటిల్లు దూరం.

మంగళవారం

తలుపు గంటకి కొత్త బ్యాటరీ వేశాను. అయినా మోగదు. ఈ రోజుల్లో వస్తువులన్నీ ఇంతే.

గురువారం

మూడంతస్తులు దిగేసరికి మోకాలు మొరపెట్టుకుంది. బయటికి వెళ్ళి చాలా రోజులైంది. కుర్చీ, కిటికీ, కిటికీకి ఎదురుగా పక్క మేడ గోడ. ఆ గోడ మీద పెచ్చులు ఎక్కడెక్కడ ఊడాయో కళ్ళు మూసుకుని చెప్పగలను.

జిరాక్సు కొట్టుకీ కళ్ళజోళ్ళ కొట్టుకీ మధ్య ఇరుకు సందులో ఉంది ప్లేయర్ల షాపు. షాపాయన నా కొడుకు ఈడువాడు.

"ఏం కావాలి బాబాయ్?"

"కార్ట్రిడ్జి. ఏదీ దాచుకోనిది. పాటలో చీమ నడిచినా నాకు చెప్పాలి."

అతను నవ్వి మూడు బయటపెట్టాడు. బొటనవేలంత డబ్బాలు, ఒక్కోదాని కింద ఒక్కో సూది. నా ప్లేయరుకి సూదిని మోసే చేతి చివర తల ఊడదీసి వేరే తల బిగించుకోవచ్చు కాబట్టి మూడింటినీ తలలకి బిగించే ఇస్తానన్నాడు.

"ఇదిగో, ఇది గుండుమొన. రికార్డు గాడిలో పైపైన నడుస్తుంది. మెత్తగా పాడుతుంది, గొడవలేదు. ఇది కోలమొన. ఇంకాస్త లోపలికి దిగుతుంది. ఈ మూడోది సన్నమొన. గాడి గోడల్ని ఒరుసుకుంటూ పోతుంది. దేన్నీ వదలదు. పాటనీ వదలదు, దుమ్మునీ వదలదు."

"అదే ఇవ్వు."

"మూడూ పట్టుకెళ్ళండి బాబాయ్. ఇంట్లో విని, నచ్చింది ఉంచుకోండి. ఇవి చెప్పుల్లాంటివి, ఎవరి కాలికి ఏది సరిపోతుందో షాపులో తెలీదు. కొంతమంది పెద్దవాళ్ళయితే ముందు చెవులు చూపించుకుని..."

"ఏమన్నావ్?"

ఆ మాట మాత్రం బాగానే వినపడింది నాకు.

"దారం మిల్లుకి వెళ్ళి అడుగు నేనెవరో. చెవి మేస్త్రీ అంటారు నన్ను. మిషను చెడిపోక ముందే దాని జబ్బు చెప్పినవాణ్ణి. నా చెవి గురించి నువ్వు చెప్తావా నాకు?"

షాపులో ఉన్నవాళ్ళు అటు తిరిగి రికార్డులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. అతను "తప్పయింది బాబాయ్" అని మూడింటినీ దూదిలో చుట్టి చేతిలో పెట్టాడు. దారంతా గొణుక్కుంటూ వచ్చాను. గొణిగానో, అరిచానో. జనం తిరిగి చూశారు.

శుక్రవారం

మిల్లు నుంచి కబురు. పని మానేసినా నన్ను వదలరు. వదలకూడదు కూడా. కూర్చుంటే ఇల్లు, లేస్తే మిల్లు. ఈ రెండే నా లోకం.

దారం వడికే పెద్ద హాల్లో గాలి తోసే ఫ్యాను ఉంది. మనిషి రెక్కలు చాచినా అంత ఉండడు. దాన్ని విప్పి మళ్ళీ బిగించారు. బేరింగు ఎలా ఉందో నేను చెప్పాలి. మామూలు పద్ధతే. పొడుగు స్క్రూడ్రైవరు మొన బేరింగు డొక్క మీద పెట్టి, పిడి చెవి వెనక ఎముకకి ఆనించుకున్నాను. మంచి బేరింగు తుమ్మెదలా పాడుతుంది. జబ్బు మొదలైతే ఆ పాట పైన సన్నటి ఈల కలుస్తుంది. ఆ ఈల పట్టుకోవడమే నా విద్య.

అందరూ ఊపిరి బిగబట్టి నా ముఖం చూస్తున్నారు. ఆ చూపు కోసం ఎన్ని మెట్లయినా దిగొచ్చు.

ఈల లేదు. తుమ్మెద పాటే.

"తిప్పుకోండి" అన్నాను.

ఇప్పటికి నెమ్మదిగా తిప్పుతారు. వచ్చే శుక్రవారం నుంచి పూర్తి వేగం. దాని కిందే ఆడవాళ్ళు కండెలు మారుస్తారు. అందుకే నన్ను పిలిచారు. అదురు కొలిచే మీటరు ఒకటి కొన్నారట, బీరువాలోంచి బయటికే తియ్యలేదు. "మా మీటరు మీరే పెద్దాయనా" అన్నాడు ఫోర్‌మన్. నోట్లో నీళ్ళు పోసుకుని మాట్లాడతాడు వీడు. ఈమధ్య అందరూ అంతే.

శనివారం

బావమరిది తలలు మార్చి, సూది రికార్డు మీద మోపే బరువు సరిచూసి పెట్టాడు. ముగ్గురం కూర్చున్నాం. నీలం అట్ట రికార్డే.

గుండుమొన పెట్టాం. దుప్పటి అలాగే ఉంది. తీసెయ్ అన్నాను.

కోలమొన. దుప్పటి కాస్త పలచబడింది. "బాగుంది బావా, హాయిగా ఉంది" అన్నాడు వాడు. మా ఆవిడ కూడా తల ఊపింది. వీళ్ళకి హాయి కావాలి. నాకు పాట కావాలి.

సన్నమొన పెట్టగానే లేచి నిలబడ్డాను. ఇదీ పాటంటే! వయొలిన్ కమాను తీగ మీద గీసుకున్న గీత కనిపించింది. మా ఆవిడ కొంగు చెవుల మీదికి లాక్కుంది.

"బావా, ఇది పాడుతోందా, పళ్ళు నూరుతోందా?"

"మీ వంశంలో సంగీతం లేదురా."

"రంపం మాత్రం ఉంది బావా. మా తాత వడ్రంగి. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు."

ఊపిరి వినపడిందా అని అడిగింది మా ఆవిడ. వినపడింది అన్నాను. దాదాపు వినపడింది. ఇంకో రెండుసార్లు వేస్తే పూర్తిగా తేలుతుంది. కొత్త చెప్పులాగే సూది కూడా నలగాలి.

ఆదివారం

ఆమెకి తలనొప్పి. ఎండలు.

మంగళవారం

ఇవాళ మధ్యాహ్నం విన్నట్టు ఆ పాట ఇన్నేళ్ళలో వినలేదు. సన్నమొన నలిగింది. ఊపిరి స్పష్టంగా వచ్చింది. చిరుగంటలు కూడా. మా ఆవిడ నా ఎదురుగా కూర్చుని పాట అయ్యేదాకా కదల్లేదు. కొంగు చెవుల మీదికి పోలేదు. చూశావా, అలవాటయితే నీ చెవికీ ఎక్కింది అన్నాను. అవునంది.

షాపాయన్ని పిలిచి చూపించాలి. చెవులు చూపించుకోవాలట!

బుధవారం

మళ్ళీ అదే రికార్డు. మళ్ళీ ఊపిరి. ఈ గదిలో ఇంకేం లేకపోయినా ఇది చాలు.

గురువారం

పాత సూదే ఉంది.

గురువారం, మళ్ళీ

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దున సూది మీద దుమ్ము దులుపుదామని కుంచె తీసుకున్నాను. తల పక్కన వేలితో ఎత్తే రేకు విరిగి ఉంది. విరిగింది నా పాతదాని రేకు. కొత్తవాటికి మూడింటికీ రేకులు నిండుగా ఉన్నాయి. సన్నమొన దూదిలో చుట్టి ప్లేయరు వెనకాల ఉంది.

"ఇది ఎప్పుడు మారింది?"

"సోమవారం. మీరు పడుకున్నప్పుడు తమ్ముడు మార్చాడు. నేనే మార్చమన్నాను."

"ఎందుకు?"

"నా తల పగిలిపోతోందండీ. అది పెడితే గాజుపెంకుతో పళ్ళెం గీకినట్టుంటుంది. మీకు వినపడదు కాబట్టి మీకు బాగుంటుంది."

"నాకు వినపడదా?"

ఆమె పొయ్యి కట్టేసి వచ్చి నా ఎదురుగా నిలబడింది. ఈమధ్య ఏం చెప్పాలన్నా ఇలాగే ముఖానికి ముఖం పెట్టి చెప్తోంది. వయసు మీరాక ప్రేమ పెరిగిందనుకున్నాను.

"కుక్కరు కూత ఎప్పుడు విన్నారు?"

"మన కుక్కరు కూత వెయ్యడం మానేసింది కదా. చెడిపోయింది."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. విదిలించుకున్నాను.

"మరి మంగళవారం ఎందుకు చెప్పలేదు? వెర్రివాడిలా మురిసిపోతుంటే చూస్తూ కూర్చున్నావా?"

"మురిసిపోతున్నారు కాబట్టే చెప్పలేదు."

మంగళవారం ఊపిరి వినపడింది. అది అబద్ధం కాదు, నేను విన్నాను. అరిగిపోయిందన్న పాత సూదితోనే విన్నాను. ఎలా విన్నాను? పాట నాకు కంఠతా వచ్చు. ఖాళీ ఉన్నచోట మనసే పూరించుకుంది.

పాటయితే పూరించుకోవచ్చు. ఫ్యాను సంగతేంటి? ఈల లేదన్నాను. ఈల వస్తే మాత్రం నాకు వినపడేదా?

రేపు శుక్రవారం.

గురువారం, సాయంత్రం

మధ్యాహ్నం అంతా కుర్చీలోనే ఉన్నాను. లేచి ఫోను దాకా వెళ్ళడం, తిరిగొచ్చి కూర్చోవడం. ఫ్యాను బాగానే ఉండొచ్చు. విప్పి బిగించింది మంచి పనివాళ్ళు. నేను ఊరికే కంగారుపడి నా నోటితో నా పేరు చెరుపుకోవడం దేనికి? మళ్ళీ ఆ కండెలు మార్చే ఆడవాళ్ళు గుర్తొస్తారు. వాళ్ళ నెత్తి మీదే తిరుగుతుంది అది. గది చిన్నదైపోయింది. ఎదుటి గోడ కిటికీలోంచి లోపలికి వచ్చి కూర్చున్నట్టుంది.

చివరికి ఫోను చేశాను. స్పీకరు పెట్టి, మా ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాను. అందని మాట ఆమె అందించింది.

"ఫ్యాను ఆపు. బేరింగు విప్పు."

"అదేంటి పెద్దాయనా! మీరే కదా తిప్పుకోమన్నారు?"

"నేనే ఆపమంటున్నాను."

"రేపు పొద్దున్నే మొదలుపెట్టాలి. యజమాని నన్ను నమిలేస్తాడు."

"నమలనీ. విప్పకపోతే ఫ్యాను నములుతుంది. ఆయనైతే ఒక్కణ్ణే నములుతాడు."

"ఇంతకీ మీకేం వినపడింది?"

ఏమీ వినపడలేదు అని చెప్పాలి. మా ఆవిడ నా ముఖంలోకి చూస్తోంది. "అనుమానం" అన్నాను. పెట్టేశాను.

శుక్రవారం

బావమరిది మెట్లన్నీ పరిగెత్తుకుంటూ వచ్చాడు. మిల్లువాళ్ళు వాడి కొట్టుకి ఫోను చేశారట.

"బావా, నీ చెవికి దణ్ణం! బేరింగులో గుండ్లని పట్టి ఉంచే రింగు చిట్లిపోయి ఉంది. పూర్తి వేగం మీద తిప్పుంటే పెచ్చులెగిరేవట. మిల్లంతా నీ మాటే!"

ఇంతలో ఫోర్‌మనే చేశాడు. సంతోషంలో అరుస్తుంటే నాకు కూడా తేటగా వినపడింది.

"ఇంట్లో కూర్చుని కనిపెట్టారు పెద్దాయనా! మీరు విన్నది వారం రోజులు మీ చెవిలో నానిందన్నమాట. యజమాని ఏమంటున్నారో తెలుసా? మీరుండగా ఆ మీటరెందుకు, ఎవరికైనా ఇచ్చెయ్యమంటున్నారు. సోమవారం కారు పంపిస్తాం. మిల్లులో ఉన్న ప్రతి మిషనూ మీరే వినాలి."

చిట్లిన రింగు ఈల వేసే ఉంటుంది. నా ఎముక మీదే వేసి ఉంటుంది. నేను తుమ్మెద పాట అన్నాను.

"వస్తాను" అన్నాను ఫోనులో. ఇంకేమంటాను?

శనివారం

"చెప్పెయ్యండి" అంటోంది మా ఆవిడ.

"ఏమని? చెవిటివాడి అనుమానం గుడ్డిగా తగిలిందనా?"

"అవును, అలాగే."

"నాకున్నది అదొక్కటే. చదువు లేదు, ఆస్తి లేదు. ఈ చెవి ఉందని జనం లేచి నిలబడ్డారు."

"నేను లేనా?"

"నువ్వు వేరు. నిన్ను వినక్కర్లేదు."

"ఆ మాట నిజమే. ఇన్నేళ్ళూ వినలేదు కదా."

నవ్వొచ్చింది. ఆపుకున్నాను. చెవికి మిషను పెట్టించుకోండి అంటుంది. పెట్టుకున్నాననుకో, మిషను పెట్టుకున్న చెవిని ఏ మిల్లువాడు నమ్ముతాడు? పెట్టుకోకుండా వెళ్ళాననుకో, బాగుందన్న ప్రతి మిషనూ ఇంటికొచ్చి నా గుండెల మీద తిరుగుతుంది. వెళ్ళకపోతే, మీటరు ఎలాగూ ఇచ్చేస్తారు, మిషన్లు వినేవాడుండడు. ఎటు కదిలినా గోడే.

ఆదివారం

రికార్డు వెయ్యలేదు. ఆవిడ అడిగింది. వెయ్యలేదు.

సోమవారం

కారులో తీసుకెళ్ళారు. హాలు వాకిట్లోనే యజమాని ఎదురొచ్చాడు. చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాడు. కండెల దగ్గర ఆడవాళ్ళు పని ఆపి లేచి నిలబడ్డారు. వాళ్ళలో ఒకావిడ నాకు నమస్కారం పెట్టింది. ఫ్యానుకి సరిగ్గా కిందే ఆవిడ పీట.

మొదటి మిషను తిప్పారు. స్క్రూడ్రైవరు ఆనించాను. తుమ్మెద పాట. దాని పైన ఏమీ లేదు. ఇక ఎప్పటికీ ఏమీ ఉండదు. అందరూ నా ముఖం చూస్తున్నారు. బాగుంది అంటే చాలు. చిన్న మాట.

స్క్రూడ్రైవరు కింద పెట్టి, "నా చెవి పోయింది" అన్నాను.

నవ్వారు.

"పెద్దాయనకి హాస్యం ఎక్కువ" అన్నాడు ఫోర్‌మన్.

"చెవి పోతేనే ఇలా ఉంటే, ఉన్నప్పుడు ఎలా ఉండేదో!" అన్నాడు యజమాని. అది నాకు ఫోర్‌మన్ మళ్ళీ గట్టిగా చెప్పాడు. అందరూ ఇంకోసారి నవ్వారు. జీవితమంతా వీళ్ళని తిట్టాను. తిడితే నమ్మారు. నిజం చెప్తే నమ్మడం లేదు.

"మిషను ఆపు" అన్నాను. ఆగింది. "నీ నడుముకున్న తాళాలగుత్తి తియ్యి. నా వెనక్కి వెళ్ళి ఆడించు. మోగగానే చెయ్యెత్తుతాను."

ఫోర్‌మన్ నా వెనక్కి వెళ్ళాడు. నేను ఆడవాళ్ళ వైపు తిరిగి నిలబడ్డాను. ఆట చూస్తున్నట్టు నవ్వుతున్నారు. నేను ఎదురుచూశాను. వీడు ఏ పనైనా తీరిగ్గా చేస్తాడు, ఇంకా తియ్యలేదు కాబోలు అనుకున్నాను. అంతలో ముందున్నావిడ ముఖంలో నవ్వు తగ్గింది. పక్కావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నమస్కారం పెట్టినావిడ తల ఎత్తి పైన ఫ్యాను వైపు చూసింది.

గుత్తి మోగుతోందని అప్పుడు తెలిసింది.

ముఖాలు చూసి చెయ్యెత్తెయ్యొచ్చు. చెయ్యి కాస్త లేచింది కూడా. బలవంతంగా జేబులో దోపుకున్నాను.

యజమాని నేల చూపులు చూస్తున్నాడు. ఫోర్‌మన్ ముందుకొచ్చాడు. గుత్తి చేతిలో ఇంకా ఊగుతోంది.

"మీటరు తియ్యండి" అన్నాను. "కిందటేడు నుంచి నేను బాగుందన్న ప్రతి మిషనూ మళ్ళీ చూడండి. ఒక్కటీ వదలొద్దు."

ఎవరూ లేచి నిలబడలేదు. అప్పటికే నిలబడి ఉన్నారు లెండి. నేనే బయటికి నడిచాను. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా డ్రైవరు ఏమైనా మాట్లాడాడో లేదో తెలియదు. నేను తల ఊపుతూ కూర్చున్నాను.

మంగళవారం

మా ఆవిణ్ణి తీసుకుని ప్లేయర్ల షాపుకి వెళ్ళాను. మూడు తలలూ బల్ల మీద పెట్టాను.

"ఏది నచ్చింది బాబాయ్?" అని అడిగాడు షాపాయన. బెదురుగా అడిగాడు.

"నన్నడక్కు. ఆవిణ్ణి అడుగు. ఇంట్లో చెవి ఆవిడదే."

ఆమె సిగ్గుపడింది. మూడూ మళ్ళీ మళ్ళీ వేయించుకుంది. ఇంత పట్టుదల ఉందని నాకు తెలియదు. రికార్డు మార్చమంది, బరువు మార్చమంది, ఓసారి కళ్ళు మూసుకుంది. చివరికి కోలమొన ఉంచుకుంది. సన్నమొనలో అన్నీ ఉన్నాయట, కూర్చోడానికి చోటు లేదట.

ఇంటికొచ్చి బిగించుకున్నాం. పాట మొదలైంది. దుప్పటి. ఆమె నా చెవి దగ్గరికి వంగి, "ఇప్పుడు వయొలిన్ వస్తోంది... ఇదిగో, ఇప్పుడు..." అని చెప్పడం మొదలుపెట్టింది.

"నోరు ముయ్యి" అన్నాను. "నాకు చెప్తూ కూర్చుంటే నువ్వెప్పుడు వింటావు?"